కనబడని రఫూ

మాస్టరు పొద్దున షాపు తలుపు తీయగానే మొదట చేసే పని నేలమీద అయస్కాంతం తిప్పడం. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం అది. దానికి ఒక నాడా కట్టి కుట్టు మిషను కింద, కటింగు బల్ల కింద, ఇస్త్రీ బల్ల చుట్టూ తీరిగ్గా లాగుతాడు. ముందురోజు రాలిన గుండుసూదులు, విరిగిన మిషను సూదులు టిక్కుటిక్కుమంటూ వచ్చి దానికి అంటుకుంటాయి. వాటిని ఏరి డబ్బాలో వేశాకే మిషను ముందు కూర్చుంటాడు. మిషను ఉత్త కాళ్లతో తొక్కే రోజుల్లో మొదలైన జాగ్రత్త ఇది. చెప్పులతో తొక్కితే మిషను ఏం చెబుతోందో పాదానికి తెలియదనేవాడు.

అప్పట్లో ఈ పని అవగానే గుమ్మంలో నిలబడి సిగరెట్టు ముట్టించేవాడు. పాదానికి ముల్లంత సూది కూడా గుచ్చుకోకుండా చూసుకునే మనిషి, ఆ పాదానికి అసలు ప్రమాదం తన పెదవుల మధ్య ఉందని చాలాకాలం ఎరగడు.

ఆ అలవాటు పని నేర్చుకునే రోజుల్లో అంటుకుంది. పెద్ద టైలరింగు షాపులో వరసగా మిషన్లు, తల ఎత్తితే చూసే యజమాని. ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. మంచినీళ్లకని లేస్తే యజమాని గొణిగేవాడు. "సిగరెట్టుకండీ" అని లేస్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఆయనకూ ఆ అలవాటే కాబట్టి. సిగరెట్టు తాగనివాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంచిన నడుం ఎత్తకుండా కుట్టాల్సిందే. పదిహేడేళ్ల మాస్టరు కాసేపు నడుం చాపుకోవడానికి సిగరెట్టు నేర్చుకున్నాడు. సొంత షాపు పెట్టుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవగలిగిన నాటికి సిగరెట్టు లేకుండా లేవడం మరిచిపోయాడు. ప్యాంటు కటింగు అయితే ఒకటి, కాలరు సరిగ్గా కూర్చుంటే ఒకటి, కూర్చోకపోతే ఇంకొకటి.

షాపంటే ఇరుకైన పొడుగాటి గది. ముందు కటింగు బల్ల, దాని వెనక మిషను, ఇంకా వెనక ఇస్త్రీ బల్ల. ఆ మూల పరదా కట్టిన ట్రయల్ రూము. అందులో నిలువుటద్దం, బట్టలు తగిలించే కొక్కేలు, పైన చిన్న వెంటిలేటరు. ఇస్త్రీ బల్ల దగ్గర మాస్టరు భార్య కూర్చుంటుంది. కాజాలు, గుండీలు, హెమ్మింగు, చివరి ఇస్త్రీ ఆమెవి. పక్క షాపులో వాచీలు బాగుచేసేవాడు ఆమె సొంత తమ్ముడు. వీధంతా అతన్ని గడియారం అంటారు. బావకు సిగరెట్టు తోడు కూడా అతనే.

నలభై దాటిన ఏడాది మాస్టరుకు కుడి పిక్క పట్టేయడం మొదలైంది. కూర్చుంటే ఏమీ లేదు. వీధి చివర బస్సుస్టాపు దాకా నడిస్తే పిక్కను ఎవరో పిడికిట్లో పట్టి పిండినట్టు ఉండేది. కాసేపు ఆగితే వదిలేసేది. నడిస్తే మళ్లీ పట్టేది. భార్యకు చెప్పడం ఇష్టం లేక ఆయనొక ఉపాయం కనిపెట్టాడు. నొప్పి రాగానే ఏదో ఒక బట్టల షాపు అద్దం ముందు ఆగేవాడు.

"ఆ బొమ్మకి తొడిగిన చొక్కా చూడు. భుజం అతుకు వెనక్కి జారిపోయింది."

"మీకు ఎప్పుడూ పక్కవాళ్ల కుట్లే కనిపిస్తాయి. నడవండి, బస్సు పోతుంది."

"ఉండు. జేబు కూడా వంకరే."

ఆమె తమ్ముడి దగ్గర నవ్వుతూ చెప్పుకుంది. "మీ బావ ఈమధ్య ప్రతి షాపు ముందూ ఆగి తప్పులు పడుతున్నాడురా."

"పోనీలే అక్కా, ఇంట్లో నీ తప్పులు పట్టే ఓపిక మిగలదు" అన్నాడు గడియారం.

ఒక సాయంత్రం మాస్టరు ఇనుప పైపుల షాపు ముందు ఆగిపోయాడు. నాలుగడుగులు ముందుకెళ్లిన భార్య వెనక్కి తిరిగి, ఆయన్నీ పైపుల్నీ మార్చి మార్చి చూసింది.

"ఇక్కడేం కుట్టు చూస్తున్నారు?"

ఆయనకిక నిలబడటం చేతకాలేదు. ఆ షాపు మెట్టుమీద కూలబడి పిక్క పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

తొక్కీ తొక్కీ కాలు అరిగిందని తేల్చారు ముగ్గురూ కలిసి. ఇరవై ఏళ్లకు పైగా తొక్కుతున్న మిషను కళ్లముందే ఉండగా ఇంకో కారణం వెతకాలని ఎవరికి తోస్తుంది? గడియారం తెలిసినవాళ్ల దగ్గర మోటారు సంపాదించి, తనే మిషనుకు బిగించి, "ఇక నీ కాలికి రిటైర్మెంటు బావా" అని సిగరెట్టు అందించాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి తాగారు. మోటారు చక్కగా నడిచింది. నొప్పి అలాగే ఉంది. పైగా పాదం చల్లబడటం మొదలైంది. ఎండాకాలంలో కూడా కుడి పాదం మంచుముక్కలా ఉండేది.

తర్వాత కొన్నాళ్లకు, ఒక ఉదయం ఎప్పటిలాగే అయస్కాంతం తిప్పి, మోటారు పెడలుమీద ఉత్త పాదం పెట్టి తెల్ల చొక్కా కుడుతున్నాడు మాస్టరు. చొక్కా కింది అంచు నేలను తాకుతోంది. గుండీలు కుడుతున్న భార్య తలెత్తి చూసింది.

"ఏమండీ, వేలు కోసుకున్నారా? చొక్కాకి రక్తం."

మాస్టరు కంగారుగా రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. గీత కూడా లేదు. ఆమె దగ్గరికొచ్చి వంగి, పెడలుమీది పాదం ఎత్తి చూసింది. కుడి పాదం బొటనవేలి పక్క వేలు అడుగున గుండుసూది తల మెరుస్తోంది. సూది మొత్తం లోపలే ఉంది. ఆ వేలితోనే ఆయన ఇంతసేపూ పెడలు నొక్కుతున్నాడు.

"నొప్పి తెలీలేదా?"

"లేదు."

ఆమె పట్టుకుని లాగింది. అప్పుడు కూడా నొప్పి పుట్టలేదు. మాస్టరుకు మొదటిసారి భయం వేసింది.

సూది చేసిన గాయం మానలేదు. చుట్టూ చర్మం నల్లబడింది. పెద్దాసుపత్రిలో రక్తనాళాల డాక్టరమ్మ ఆయన పాదం చేతిలోకి తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, పెన్నులాంటి పరికరం ఒకటి తీసింది. ఎడమ పాదంమీద ఆనించగానే దాని పెట్టెలోంచి హుష్, హుష్ అని చప్పుడు, ఈదురుగాలి ఆగి ఆగి వీస్తున్నట్టు.

"అది మీ రక్తం పారే చప్పుడు" అంది.

కుడి చీలమండ దగ్గర ఆ చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. వేళ్ల దగ్గర ఏమీ లేదు. డాక్టరమ్మ పరికరాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతోంది. భార్య ఆగిన వాచీని చెవికి పెట్టుకున్నదానిలా వింటోంది. ఉత్త బుస తప్ప ఇంకే చప్పుడూ రాలేదు.

"సిగరెట్టు అలవాటుందా?"

"ఏదో, ఊసుపోకకండీ" అన్నాడు మాస్టరు.

"పెట్టె అయిపోయి ఇంకో పెట్టె సగం దాకా వస్తుందండీ ఊసుపోక" అంది భార్య.

డాక్టరమ్మ నవ్వలేదు. "పొగాకు వల్ల మీ కాళ్ల రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతున్నాయి. ముందు పిక్క నొప్పి, తర్వాత పాదం చల్లబడటం, తర్వాత మానని పుండు. వరసగా వచ్చాయా?"

"మిషను తొక్కి వచ్చిందనుకున్నామండీ. నాకు దగ్గు కూడా లేదు. సిగరెట్టు ఊపిరితిత్తులకి కదా చెడ్డది?"

"పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకే. అక్కడి నుంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మీకు కాలి దగ్గర పట్టుకుంది."

"తగ్గించేస్తానండీ."

"తగ్గిస్తే చాలదు. రోజుకి ఒకటి తాగినా ఈ జబ్బు నడుస్తూనే ఉంటుంది. ఖైనీ వద్దు, నికోటిన్ ఉన్న చూయింగ్ గమ్ము కూడా వద్దు. నా మందులు సాయం చేస్తాయి గానీ దీన్ని ఆపలేవు. మీరు మానితేనే ఆగుతుంది. నెల తర్వాత రండి. పుండు ఆగితే పాదం మిగులుతుంది. పాకితే ఎక్కడిదాకా తీసేయాలో చెప్తాను."

ఇంటికొచ్చి మాస్టరు జేబులో పెట్టె తీసి భార్య చేతిలో పెట్టాడు. గడియారం కూడా ఒట్టు వేశాడు. "ఈ వీధిలో మా బావకి సిగరెట్టు ఇచ్చినవాడి వాచీ మళ్లీ నడవదు. నా పూచీ."

మొదటి వారం మాస్టరు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణికేవి. ఒక చొక్కాకు రెండువైపులా ఎడమ చేతి ముక్కే కుట్టాడు. దాన్ని విప్పుతూ, పక్కనే నిలబడి నవ్విన పాత ఖాతాదారుణ్ని పొమ్మన్నంత పని చేశాడు. భార్య నమలడానికి సోపు గింజల డబ్బా ఒకటి మిషనుమీద పెట్టింది. కిమ్మనకుండా చిరాకంతా భరించింది. తర్వాత ఆయన కుదుటపడ్డాడు. చేతులు నిలిచాయి. గండం గడిచిందని ఆమె అనుకుంది.

ఆయన కుదుటపడింది ట్రయల్ రూములో. ఆమె మధ్యాహ్నం ఇంటికెళ్లి వచ్చేలోపు పరదా లాగి, స్టూలెక్కి, వెంటిలేటరుకు మొహం ఆనించి సగం సిగరెట్టు తాగేవాడు. మిగతా సగం ఆర్పి పాత బాబిన్ల డబ్బాలో దాచేవాడు, మర్నాటికి. తర్వాత నోరు పుక్కిలించి, ఏదో ఒక గుడ్డమీద నీళ్లు చల్లి వేడి ఇస్త్రీపెట్టె తిప్పేవాడు. తడిగుడ్డ ఆవిరి వాసన గదంతా పరుచుకునేది. రోజుకు సగమే కదా, దాన్ని తాగడం అనరు అనుకునేవాడు. పొగ లోపలికి పోగానే చేతుల వణుకు ఆగిపోయేది. ఆ హాయి ముందు డాక్టరమ్మ మాట గుర్తుకు రాదు. పొగ అయిపోయి స్టూలు దిగి పాదం నేలకు ఆనించగానే గుర్తొచ్చేది.

ఒకరోజు బయట అడుగుల చప్పుడైంది. గబుక్కున చేయి దించాడు. నిప్పు రాలి, కొక్కేనికి తగిలించి ఉన్న ప్యాంటుమీద పడింది. బూడిదరంగు ప్యాంటు, ఒక బ్యాంకు ఉద్యోగిది. దులిపేలోపు తొడ దగ్గర పెసరగింజంత చిల్లు. వచ్చినవాళ్లు ఏదో అడ్రసు అడిగి వెళ్లిపోయారు. మాస్టరు ప్యాంటు తీసుకుని వెలుతురులో కూర్చున్నాడు. లోపలి అతుకులో మిగిలిన గుడ్డ నుంచి అదే రంగు పోగులు లాగాడు. సన్నసూదితో ఒక పోగు కింద నుంచి, ఒక పోగు పైనుంచి, చిల్లుమీద మళ్లీ నేత నేసినట్టు రఫూ చేశాడు. ఇస్త్రీ చేసి చూస్తే చిల్లు ఎక్కడుండేదో ఆయనకే దొరకలేదు. గుడ్డ మానినట్టే తన కాలూ మానుతుందని ఆ సాయంత్రం నిజంగానే నమ్మాడు.

కాలు మానలేదు. నలుపు పక్క వేలికి పాకింది. భార్య రోజూ పొద్దున వేడినీళ్లలో దూది ముంచి, మొహం పక్కకు తిప్పుకోకుండా, ఆ పుండు కడిగి కట్టు కట్టేది. "మానేసినా ఇలా ఉందంటే మందు పడటం లేదు. ఈసారి మార్చమని గట్టిగా అడుగుదాం" అనేది. ఆయన కట్టువైపు చూస్తూ సరేననేవాడు.

ఆసుపత్రికి వెళ్లాల్సిన నాటికి ముందురోజు ఆమె ఆ బూడిదరంగు ప్యాంటు ఇస్త్రీకి తీసింది. ఆమె ప్యాంట్లను ముందు లోపలివైపు తిప్పి ఇస్త్రీ చేస్తుంది. తొడ దగ్గర వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. పైనుంచి కనబడని రఫూకు కూడా లోపలివైపు పోగుల కొసలు ఉంటాయి. మిల్లులో వచ్చిన లోపం కాబోలు అనుకుంది. దగ్గరగా పట్టుకుని చూస్తే పోగుల మధ్య ఒకటి గోధుమరంగులో, కొస ముడుచుకుపోయి ఉంది. కాలిన పోగు.

ఆమె ప్యాంటు బల్లమీద పెట్టి ట్రయల్ రూములోకి వెళ్లింది. స్టూలెక్కి వెంటిలేటరు గట్టుమీద వేలితో రాసింది. వేలికి బూడిద అంటింది.

బయట మాస్టరు ఒక పెద్దమనిషి కోటుకు నడుం దగ్గర గుండుసూదులు పెడుతున్నాడు. ఆయన నోట్లో ఇంకో నాలుగు సూదులున్నాయి.

"కొంచెం వదులుంచండి మాస్టరూ. ఇంకా లావెక్కుతానని మా ఆవిడ అంటోంది."

మాస్టరు ఊఁ అని తలూపాడు. ఆమె వచ్చి తన చోట్లో కూర్చుంది. ప్యాంటు ఒళ్లో ఉంది. వేలు ఆ గరుకుమీదే ఉంది. పెద్దమనిషి అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, చేతులు పైకెత్తి చూశాడు, కోటు పొడుగు గురించి మాట్లాడాడు, తన తండ్రి తొడిగిన కోటు గురించి మాట్లాడాడు. మాస్టరు ఒకసారి ఆమెవైపు చూశాడు. తర్వాత ఆమె ఒళ్లో ఏముందో చూశాడు. సూదులు పెట్టే చేయి ఆగింది.

పెద్దమనిషి వెళ్లాక ఆమె లేచి ప్యాంటు మిషనుమీద పరిచింది.

"తిప్పి చూడండి."

"మిల్లు లోపం. రఫూ చేశాను" అన్నాడు పళ్ల మధ్య సూదులతోనే.

"మిల్లువాళ్లు సిగరెట్టు తాగుతూ నేశారా?"

ఆయన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. చివరి సూది వేశాక అన్నాడు. "సగమే. రోజుకి సగమే తాగుతున్నా."

"నెలంతానా?"

ఆయన సూదుల డబ్బాకు మూత బిగించాడు.

"నేను రోజూ ఆ పుండు కడుగుతూ మందుని తిట్టుకుంటున్నాను. డాక్టరమ్మకి చేతకాలేదనుకుంటున్నాను. మీరు పైనుంచి చూస్తూనే ఉన్నారు."

అప్పుడే గడియారం కత్తెర కోసం లోపలికి వచ్చాడు. ఆమె అతనివైపు తిరిగింది. "సిగరెట్లు ఇస్తోంది నువ్వేనా?"

అతని మొహం చిన్నబోయింది. "బావ చేతులు అలా వణుకుతుంటే చూడలేకపోయానే అక్కా. ఒక్కటే కదా అని..."

"కాలు తీసేస్తే చూడగలవా?"

గడియారం కత్తెర తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

"రేపు అక్కడ నేనేం చెప్పను" అంది ఆమె మాస్టరుతో. "కాలు మీది. మీరే చెప్పండి."

మర్నాడు డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది. పరికరం ఆనించింది. వేళ్ల దగ్గర చప్పుడు లేదు. పాదం మధ్యలో లేదు. చీలమండ దగ్గర క్రితంసారి కంటే సన్నగా, వచ్చి పోతున్నట్టు ఉంది.

"సిగరెట్టు పూర్తిగా మానేశారు కదా?"

మాస్టరు భార్యవైపు చూశాడు. ఆమె ఒళ్లోని సంచి పిడి చూస్తోంది.

"మానేశానండీ" అన్నాడు. ఎవరడిగినా అదే చెప్పీ చెప్పీ, నోరు దానంతటదే అనేసింది.

భార్య తల ఎత్తలేదు. 

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మానేసి, మందులు వేసుకుని కూడా ఇంత పాకిందంటే ఇక దీన్ని ఆపే దారి నాకు కనిపించడం లేదు. వేళ్లు తీస్తే పాదం, పాదం తీస్తే పైన, ఇలా ముక్కలు ముక్కలుగా కోస్తూ పోవాల్సి వస్తుంది. ఒకేసారి ఇక్కడ తీసేయడం మీకే మంచిది." జేబులోంచి పెన్ను తీసి మోకాలి కింద, పిక్కమీద, అడ్డంగా ఒక గీత గీసింది.

మాస్టరు ఆ గీతను చూశాడు. నీలిరంగు గీత, తిన్నగా ఉంది. జీవితమంతా ఆయన గుడ్డమీద సుద్దతో అలాంటి గీతలే గీశాడు. గీత ఉన్నంతసేపూ దులిపేసి మళ్లీ గీయొచ్చు. కత్తెర పడ్డాక ఎంత పనిమంతుడైనా చేయగలిగింది ఏమీ లేదు. గీత గీసేది మాత్రం చేతికిచ్చిన కొలతను బట్టి.

"ఆగండి డాక్టరుగారూ" అన్నాడు. అరచేయి ఆ గీతమీద పెట్టాడు. మళ్లీ అన్నాడు. "ఆగండి. మీకు కొలత తప్పిచ్చాను."

"ఏంటి?"

"మానలేదండీ. రోజుకి సగం తాగుతున్నాను. నిన్న కూడా తాగాను. మా ఆవిడకి నిన్నటిదాకా తెలీదు."

 డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది.

"మీరు ఇది ఇప్పుడు చెప్పకపోతే వచ్చే వారం ఈ కాలు తీసేసేదాన్ని. తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందండీ."

ఆమె కోపం గొంతులో కాదు, చేతుల్లో కనిపించింది. స్పిరిట్ దూదితో ఆ గీతను గట్టిగా తుడిచింది. నీలిమరక కొంచెం మిగిలింది. "ఆ రెండు వేళ్లు పోయినట్టే, వాటిని నేను తేలేను. పాదం ఉంటుందని మాట ఇవ్వలేను. ఇవాల్టి నుంచి మీరు నిజంగా మానితే ఉండే అవకాశం ఉంది. వచ్చినప్పుడల్లా మూత్ర పరీక్ష చేయిస్తాను, తాగితే అందులో తెలిసిపోతుంది. ఇక మిమ్మల్ని అడగను, పరీక్షనే అడుగుతాను."

రెండు వేళ్లు తీసేశారు. ఆ తర్వాతి నెలలు ఆ ఇంట్లో ఎవరికీ తిన్నగా గడవలేదు. కోసిన చోటు మానుతుందో నల్లబడుతుందో చూడటానికి కట్టు విప్పిన ప్రతిసారీ ఆమె ముందు కళ్లు మూసుకుని తర్వాత తెరిచేది. మాస్టరుకు చేతులు వణికేవి, తల పగిలిపోయేది, సోపు నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టేవి. భరించలేనప్పుడు గట్టిగా చెప్పేవాడు. "ఇప్పుడు కావాలనిపిస్తోందే." ఆమె చేతిలో పని పక్కనపెట్టి వచ్చి ఎదురుగా కూర్చునేది.  కాసేపటికి ఆయన "సరే" అని మిషను తిప్పేవాడు. ట్రయల్ రూము పరదా తీసేసి, లోపల స్టూలెక్కినవాడు షాపు మధ్య నుంచి కనబడేలా సగం తలుపు పెట్టించమని ఆయనే అడిగాడు. బ్యాంకు ఉద్యోగికి జరిగింది చెప్పి, కొత్త గుడ్డతో ప్యాంటు కుట్టిచ్చాడు. అతను పాత ప్యాంటులో రఫూ చోటు వెతికి వెతికి దొరకక, ఇదే బాగుంది కదా మాస్టరూ అన్నాడు. మాస్టరు దాన్ని ఇవ్వలేదు.

ఒక పరీక్ష రోజున డాక్టరమ్మ పరికరం ఆనించింది. పాదం మధ్యలో హుష్ మని ఒక సన్నటి చప్పుడు వచ్చింది. మళ్లీ వచ్చింది. ఆమె పరికరాన్ని అక్కడే ఉంచి, భార్య వినడానికి పెట్టె శబ్దం పెంచింది.

గడియారం ఇప్పటికీ తాగుతాడు. కాకపోతే వీధి చివరిదాకా నడిచి వెళ్లి తాగి వస్తాడు. "నేనూ మానేస్తున్నా బావా" అంటాడు అప్పుడప్పుడు. "దారిలో నీ పిక్క ఎలా ఉంటోందో చూసుకో" అంటాడు మాస్టరు.

ఇప్పుడు మాస్టరు కుడి పాదానికి మూడు వేళ్లున్నాయి. మోటారు పెడలు ఎడమ కాలితో నొక్కుతాడు. పొద్దున అయస్కాంతం తిప్పడం మానలేదు గానీ, ఉత్త కాళ్లతో మాత్రం కూర్చోడు. కుడి బూటులో వేళ్లు లేని చోట మెత్తటి గుడ్డముక్క మడిచి పెట్టుకుంటాడు.